కళ్ళున్నాయి మావయ్యా, కరెంటే లేదు!

ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్ పక్కన పెట్టి, గోడకి దగ్గరగా నిలబడి ఒక కాలు ఎత్తండి. పది అంకెలు లెక్కపెట్టండి. సులువే కదా? ఇప్పుడు కళ్ళు మూసుకుని మళ్ళీ చేయండి.

ఊగిపోయారా? నేనూ అంతే. మొదటిసారి ఐదు అంకెలకే గోడ పట్టుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు, జిమ్ మెంబర్‌షిప్ కూడా ఉంది (వెళ్ళను, అది వేరే సంగతి).

పోయినవారం నడుం నొప్పి గురించి రాస్తే "ఇవన్నీ మాకు తెలిసినవే బ్రో" అని కొందరు మెసేజ్ పెట్టారు. అందుకే ఈవారం మొన్నమొన్నటిదాకా నాకే తెలియని సంగతి రాస్తున్నాను. మా అక్క కొడుకు గురించి. వాడి పేరు రాయొద్దని అక్క చెప్పింది. ఇంట్లో అందరం పిలిచే 'బుజ్జిగాడు' అనే పేరు చాలు.

మొన్న సంక్రాంతికి ఒంగోలు దగ్గర మా ఊళ్ళో అందరం కలిశాం. సాయంత్రం ఏడింటికి కరెంటు పోయింది. పిల్లలకి అంతకంటే పండగేముంటుంది? కేకలు పెడుతూ వసారాలోంచి వాకిట్లోకి పరుగు తీశారు. అందరికంటే వెనక ఉన్న బుజ్జిగాడు దబ్బున పడ్డాడు. అక్కడ మెట్టు లేదు, రాయి లేదు, తడి లేదు. నున్నటి గచ్చు. మోకాలు చెక్కుకుపోయింది. ఆ రోజుకి అది మూడోసారి పడటం.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "కళ్ళు ఎక్కడ పెట్టుకుని నడుస్తున్నావురా?" అని గట్టిగా అరిచాను.

వాడు మోకాలు ఊదుకుంటూ, "కళ్ళున్నాయి మావయ్యా, కరెంటే లేదు" అన్నాడు.

అందరం పడీపడీ నవ్వాం. ఎనిమిదేళ్ళ పిల్లాడి సమాధానం కదా, పండగ మూడు రోజులూ ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాం. వాడు జోక్ వేయలేదని, తన జబ్బు సంగతి డాక్టర్ కంటే ముందు వాడే చెప్పేశాడని నాకు అర్థం కావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

వాడి కథ కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. ఐదేళ్ళప్పుడు జ్వరం వచ్చింది. తగ్గలేదు. ఒంటిమీద కమిలిన మచ్చలు. రక్తపరీక్ష చేయిస్తే 'ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా' అన్నారు. బ్లడ్ క్యాన్సర్. పిల్లల్లో వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. 1960ల మొదట్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో బతికి బట్టకట్టేవాళ్ళు చాలా తక్కువ. ఇప్పుడు మంచి వైద్యం అందే దేశాల్లో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బయటపడుతున్నారు. ఆ మాటే మాకు ధైర్యం.

బావ ఉద్యోగం ఒంగోల్లో. అక్క, బుజ్జిగాడు హైదరాబాద్‌లో నా ఫ్లాట్‌కి వచ్చేశారు. రెండున్నరేళ్ళు ట్రీట్‌మెంట్ నడిచింది. ఇంజక్షన్లు, మాత్రలు, నడుములో సూదులు, మధ్యలో ఇన్ఫెక్షన్లు. నేను చేయగలిగింది ఒకటే, స్ప్రెడ్‌షీట్. తేదీ, హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, మందు, డోసు, జ్వరం, బరువు... మొత్తం పద్నాలుగు కాలమ్‌లు. కౌంట్ పడిపోతే ఆ గడి ఎర్రగా మారేలా ఫార్ములా కూడా పెట్టాను. "మీ తమ్ముడు భలే చేశాడమ్మా" అని నర్సు మెచ్చుకుందట. నేను కాలర్ ఎగరేశాను.

ట్రీట్‌మెంట్ అయిపోయిన రోజు కాలనీ అంతా స్వీట్లు పంచాం. వాట్సాప్ స్టేటస్‌లు పెట్టాం. అక్కడితో సినిమా అయిపోయిందనుకున్నాం.

ఆ తర్వాత వాడిలో మేం చూసినవి, వాటికి మేం చెప్పుకున్న కారణాలు వరసగా రాస్తున్నాను. చదువుతూ మీరే కలుపుకోండి.

నడుస్తుంటే వాడి చెప్పు జారిపోయేది. పది అడుగులు వేశాక గానీ వాడికి తెలిసేది కాదు. 'మతిమరుపు సన్నాసి' అనేది మా అమ్మ.

గచ్చుమీద నడిస్తే పాదం టప్ టప్‌మని చప్పుడు. షూ ముందు భాగం రెండు నెలలకే అరిగిపోయేది. 'కాళ్ళు ఈడ్చకుండా నడవరా' అనేవాడు బావ.

నేలమీంచి లేవాలంటే రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టి, తన ఒంటిమీద తనే ఎక్కుతున్నట్టు లేచేవాడు. 'ముసలాడివైపోయావురా' అని నేను ఏడిపించేవాడిని.

తలంటు పోస్తే కళ్ళు మూసుకున్న మరుక్షణం కుళాయి గట్టిగా పట్టుకునేవాడు. 'షాంపూ అంటే భయం' అనుకుంది అక్క.

స్కూల్లో ఖోఖోకి ఎవరూ టీమ్‌లోకి తీసుకునేవాళ్ళు కాదు. 'మీవాడికి కాస్త బద్ధకమండీ, గారాబం తగ్గించండి' అన్నారు పీటీ సారు.

పుట్టినరోజుకి నేను కొనిచ్చిన ఎర్ర సైకిల్ బాల్కనీలో దుమ్ము పట్టిపోయింది. 'ఫోన్‌కి అలవాటు పడ్డాడు' అనుకున్నాను. ఆ ఫోన్ ఇచ్చిందీ నేనే.

ఇన్ని లాగ్స్ కళ్ళముందు ఉన్నా, అన్నీ ఒకే బగ్ నుంచి వస్తున్నాయని ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క ఇంజనీరుకి తట్టలేదు.

మార్చిలో ఫాలోఅప్‌కి నేనూ వెళ్ళాను. ఎప్పటిలాగే అక్క అడిగిన మొదటి మాట "కౌంట్స్ ఎలా ఉన్నాయండీ?" బాగున్నాయి. రెండో మాట "మళ్ళీ రాదు కదండీ?" డాక్టర్ ఓపిగ్గా చెప్పారు. లేచి వచ్చేస్తున్నాం. గుమ్మం దగ్గర బుజ్జిగాడి చెప్పు జారిపోయింది. వాడు ఆగకుండా నడుస్తున్నాడు.

"నాన్నా, చెప్పు పోయింది చూశావా?" అని పిలిచారు డాక్టర్.

వాడు వెనక్కి తిరిగి, కింద తన కాలు చూసుకుని, "ఎప్పుడు?" అన్నాడు.

ఆవిడ మమ్మల్ని మళ్ళీ కూర్చోమన్నారు. వాడిని మడమల మీద నడవమన్నారు. ముందు పాదాలు పైకి లేవలేదు. సరళరేఖమీద, ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్ళు ఆనిస్తూ నడవమన్నారు. మూడో అడుగులో పక్కకి పడబోయాడు. మడమ వెనక నరం దగ్గర చిన్న సుత్తితో తట్టారు. పాదం కదల్లేదు. ఆఖరికి రెండు పాదాలూ దగ్గరగా పెట్టి నిలబడమన్నారు. నిలబడ్డాడు. కళ్ళు మూసుకోమన్నారు. చెట్టుకొమ్మలా ఊగి, ఆవిడ చేతుల్లోకి వాలిపోయాడు.

దీన్ని రాంబెర్గ్ పరీక్ష అంటారు. పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ డాక్టర్ మోరిట్జ్ రాంబెర్గ్ పేరు మీద వచ్చింది. యంత్రం అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు, అర నిమిషం పని.

"వీడు అజాగ్రత్తగా నడుస్తున్నాడని తిడుతున్నారా?" అని అడిగారు. నేను నేల చూశాను. "మీరూ నేనూ నడిచేటప్పుడు నడక గురించి ఆలోచించం. వీడు ప్రతి అడుగూ కళ్ళతో చూసి వేస్తున్నాడు. ఇంట్లో అందరికంటే జాగ్రత్తగా నడుస్తున్నది వీడే."

కరెంటు పోతే ఎందుకు పడ్డాడో అప్పుడు వెలిగింది నాకు.

మీ చేతిలో ఉన్న ఫోన్ సంగతే చూడండి. అడ్డంగా తిప్పితే వీడియో అడ్డంగా మారుతుంది. లోపల యాక్సెలరోమీటర్ భూమి ఏ వైపు లాగుతోందో చెబుతుంది. గైరోస్కోప్ ఎంత తిరిగిందో చెబుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ లెక్కలన్నీ కలిపి ఒక నిర్ణయానికొస్తుంది. మన బ్యాలెన్స్ కూడా ఇలాగే పనిచేస్తుంది. లోపలి చెవిలో మూడు అర్ధవలయాకారపు గొట్టాలు తల తిరగడాన్ని పసిగడతాయి. పక్కనే ఉన్న రెండు చిన్న సంచులు వాలడాన్ని, ముందుకీ వెనక్కీ, పైకీ కిందికీ కదలడాన్ని పసిగడతాయి. అది ఒక సెన్సర్. కళ్ళు రెండోది. మూడోది మనకి తెలియకుండానే పనిచేసేది. పాదాల్లో, కీళ్ళలో, కండరాల్లో ఉండే నరాలు 'ఇప్పుడు కాలు ఇక్కడ ఉంది, మడమ ఇంత వంగింది' అని ఎప్పటికప్పుడు పైకి కబురు పంపుతుంటాయి. ఈ మూడింటి కబుర్లనీ మెదడు కలుపుకుంటుంది. అడుగుల్ని సరిదిద్దే పెద్ద పని చిన్నమెదడుది.

బుజ్జిగాడికి మూడో సెన్సర్ దెబ్బతింది. పాదాల నుంచి కబురు సరిగ్గా రావడం లేదు. లైటున్నంతసేపూ కళ్ళు ఆ లోటు పూడుస్తున్నాయి. లైటు పోతే, లేదా షాంపూకి కళ్ళు మూసుకుంటే, రెండో సెన్సరూ పోయినట్టే.

ఆ దెబ్బ కొట్టింది జబ్బు కాదు, వాడిని బతికించిన మందే. పేరు విన్‌క్రిస్టిన్. 1963లో అమెరికాలో అనుమతి వచ్చినప్పటి నుంచి పిల్లల లుకేమియా వైద్యంలో ముఖ్యమైన మందుల్లో ఒకటి. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? బిళ్ళగన్నేరు మొక్క నుంచి! మా ఊళ్ళో నూతి పక్కన విరగబూస్తుంది. అమ్మ రోజూ పూజకి కోసేది ఆ పూలే. (ఆకులు నమిలితే క్యాన్సర్ తగ్గుతుందని ఎవరైనా ఫార్వర్డ్ పెడితే నమ్మకండి. ఆ మొక్క విషం. మందుని అందులోంచి శుద్ధిచేసి, లెక్కగట్టి, నరంలోకే ఎక్కిస్తారు.)

కణం రెండుగా చీలాలంటే లోపల సన్నని గొట్టాల్లాంటి నిర్మాణాలు ఏర్పడాలి. విన్‌క్రిస్టిన్ వాటిని ఏర్పడనివ్వదు. క్యాన్సర్ కణం చీలలేక చచ్చిపోతుంది. చిక్కేమిటంటే, నరాల్లో సరుకు రవాణాకి రైలుపట్టాల్లా పనికొచ్చేవీ అలాంటి గొట్టాలే. పట్టాలు పాడైతే ముందు ఇబ్బంది పడేది చివరి స్టేషన్. ఒంట్లో అన్నిటికంటే పొడవైన నరాలు పాదాలకి వెళ్ళేవి. అందుకే చెప్పు జారినా తెలియదు, ముందుపాదం ఎత్తలేక టప్ టప్‌మని పడుతుంది. కొందరికి చేతివేళ్ళూ మొద్దుబారతాయి. చొక్కా గుండీలు పెట్టుకోలేరు, చేతిరాత చెడిపోతుంది.

దీనికి తోడు లుకేమియాకి స్టెరాయిడ్లు ఇస్తారు. అవి తొడల కండరాల్ని బలహీనం చేస్తాయి. వాడు మోకాళ్ళమీద చేతులు పెట్టి లేవడం అందుకే. పైగా పరుగులు తీయాల్సిన వయసులో నెలల తరబడి మంచంమీద ఉన్నాడు.

అందరు పిల్లలకీ ఇలా అవ్వదు. అందరికీ కారణం ఒకటే కాదు కూడా. కొన్ని గడ్డలకి వాడే సిస్‌ప్లాటిన్ లోపలి చెవిని దెబ్బతీయగలదు. వినికిడితోపాటు బ్యాలెన్స్ కూడా తగ్గొచ్చు. ఎముక క్యాన్సర్‌కి కాలి ఆపరేషన్ అయిన పిల్లలకి ఒంటి బరువు మోసే తీరే మారిపోతుంది. మెడుల్లోబ్లాస్టోమా లాంటి గడ్డలు చిన్నమెదడులోనే వస్తాయి. అక్కడ ఆపరేషన్, రేడియేషన్ తర్వాత తూలుతూ నడవడం చాలామందిలో చూస్తారు.

ఆ చివరిదాని గురించి ఒక ముఖ్యమైన మాట. క్యాన్సర్ ఊసే లేని ఇంట్లో కూడా, బాగా నడిచే పిల్ల ఉన్నట్టుండి తూలుతున్నా, పొద్దున లేవగానే తలనొప్పి, వాంతులు తరచూ వస్తున్నా, మెల్లకన్ను కొత్తగా మొదలైనా, తల ఒక పక్కకే వాల్చి ఉంచుతున్నా దిష్టి తీసి ఊరుకోకండి. వెంటనే డాక్టర్‌కి చూపించండి. చాలాసార్లు చిన్న కారణమే అయ్యుండొచ్చు. కానీ చూసి చెప్పాల్సింది డాక్టరు.

ఇంటికొచ్చాక ఆ రాత్రి నా షీట్ తెరిచాను. రెండున్నరేళ్ళు, పద్నాలుగు కాలమ్‌లు, వందల వరసలు. వాడి రక్తంలో ఏ రోజు ఎన్ని కణాలున్నాయో అందులో ఉంది. వాడు ఏ రోజు ఎన్నిసార్లు పడ్డాడో ఎక్కడా లేదు. ఆఫీసులో జూనియర్లకి 'లాగ్ చేయనిది ఫిక్స్ చేయలేం' అని నీతులు చెప్పేది నేనే. డాక్టర్లకి ఎందుకు చెప్పలేదని అక్కని అడిగితే ఒకటే మాట అంది: "ప్రాణం దక్కింది కదరా. ఇంకా ఏదో ఒకటి అడిగితే దేవుడికి కూడా విసుగొస్తుందేమో అనిపించింది."

చాలా ఇళ్ళలో మాట ఇక్కడే ఆగిపోతుందనుకుంటాను. ప్రాణమంత పెద్దది దక్కాక పడిపోవడంలాంటి చిన్నది అడగడానికి మొహమాటం. పిల్లాడికి మాత్రం అది చిన్నది కాదు. వాడి ఖోఖో అది, సైకిల్ అది, స్నేహితులు అది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా దాదాపు 4 లక్షలమంది పిల్లలు, టీనేజర్లు క్యాన్సర్ బారిన పడుతున్నారు. 2030 కల్లా ప్రపంచమంతటా వాళ్ళలో కనీసం 60 శాతం మందిని బతికించాలని 2018లో లక్ష్యం పెట్టుకున్నారు. మంచి మాట. అలా బతికిన పిల్లలు తర్వాత అరవై, డెబ్భై ఏళ్ళు నడవాలి కదా! అమెరికాలో మెంఫిస్ నగరంలోని సెయింట్ జ్యూడ్ ఆసుపత్రి ఈ ఆలోచనతోనే 2007 నుంచి తమ దగ్గర నయమైన పిల్లల్ని పెద్దయ్యాక కూడా పిలిచి పరీక్షిస్తోంది. కండరాల బలం, బ్యాలెన్స్, నరాల స్పందన, అన్నీ చూస్తారు. చిన్నప్పుడు లుకేమియా తగ్గిన కొందరికి దశాబ్దాల తర్వాత కూడా మడమ దగ్గర నరం స్పందించకపోవడం, పాదం పూర్తిగా పైకి లేవకపోవడం అక్కడ కనిపించాయి. కొందరికి కాలంతోపాటు తగ్గుతుంది, కొందరికి పూర్తిగా తగ్గదు. ఎవరికి ఎంతనేది చూస్తేనే తెలుస్తుంది.

బుజ్జిగాడికి డాక్టర్ ఫిజియోథెరపీ రాశారు. ముందు ఎముకలు ఎలా ఉన్నాయో చూశారు, ఎందుకంటే స్టెరాయిడ్లు వాటినీ గుల్లచేయగలవు. అందుకే ఎవరూ నా కాలమ్ చదివి సొంతంగా మొదలుపెట్టకండి. ట్రీట్‌మెంట్ నడుస్తూ ప్లేట్‌లెట్లు తక్కువున్న పిల్లలు పడితే ప్రమాదం కూడా.

పిక్కలు సాగదీయడం, మునివేళ్ళమీద లేవడం, మెత్తటి దిండుమీద నిలబడటం, పక్కన మనిషి ఉండగా ఒంటికాలి మీద పళ్ళు తోముకోవడం, గచ్చు పలకల మధ్య గీతమీద నడవడం. ఇవీ వాడి వ్యాయామాలు. రాత్రిపూట కాలికి స్ప్లింట్. వెనక పట్టీ ఉన్న చెప్పులు. బాత్రూమ్‌కి వెళ్ళే దారిలో రాత్రంతా వెలిగే చిన్న బల్బు. ఖర్చు చూస్తే మొత్తం సామాను నా హెడ్‌ఫోన్స్ కంటే తక్కువ.

రెండు వారాలకే వాడికి విసుగొచ్చింది. అప్పుడు ఫిజియో మేడమ్ అడిగారు, "మీ ఊళ్ళో తొక్కుడుబిళ్ళ ఆడరా?" అని. ఒంటికాలి మీద గెంతడం, గీత తొక్కకుండా ఆగడం, వంగి బిళ్ళ తీసుకోవడం. వాడికి కావలసిన వ్యాయామమంతా అందులోనే ఉంది! వేసవి సెలవుల్లో ఊరెళ్తే అమ్మ వాకిట్లో ముగ్గుపిండితో గళ్ళు గీసింది. 'ఆడపిల్లల ఆట' అని పక్కింటి కుర్రాడు వెక్కిరిస్తే, అరవై దాటిన మా అమ్మ కొంగు దోపి గెంతి చూపించింది. ఆ కుర్రాడూ ఆటలో చేరిపోయాడు.

పీటీ సారుకి డాక్టర్ రాసిచ్చిన కాగితం చూపించాం. ఆయన చదివి కాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు వాడు ఖోఖోలో స్కోరు రాస్తున్నాడు. ఆడించే రోజు వస్తుందని ఆయనే అంటున్నారు.

ఈ సెప్టెంబర్ పిల్లల క్యాన్సర్ అవగాహన మాసం. మీ టైమ్‌లైన్‌లో బంగారు రంగు రిబ్బన్లు కనిపిస్తాయి. లైక్ కొట్టండి, మంచిదే. మీకు తెలిసిన ఇంట్లో అలాంటి పిల్లలుంటే మాత్రం 'కౌంట్స్ ఎలా ఉన్నాయి?'తోపాటు ఇంకో ప్రశ్న అడగండి: 'ఈమధ్య పడుతున్నాడా? చీకట్లో భయపడుతున్నాడా?' అవునంటే, ఆ మాట తర్వాతి ఫాలోఅప్‌లో డాక్టర్‌కి చెప్పమనండి. మూడుసార్లు పడితే మూడు తేదీలు రాసి తీసుకెళ్ళమనండి.

నా షీట్‌లో ఇప్పుడు పదిహేను, పదహారు కాలమ్‌లు వచ్చాయి. ఒకటి 'ఎడమ కాలిమీద సెకన్లు', ఇంకోటి 'పడినవి'. మార్చిలో రెండు సెకన్లు. మొన్న ఆదివారం తొమ్మిది. సైకిల్‌కి పక్క చక్రాలు ఇంకా ఉన్నాయి. సంక్రాంతికి రోజుకి మూడుసార్లు పడేవాడు, ఇప్పుడు వారానికి ఒకటో రెండో.

మొన్న రాత్రి మా లిఫ్ట్ దగ్గర మళ్ళీ పడ్డాడు. నా నోటిదాకా పాత డైలాగే వచ్చింది. మింగేసి, లేపి, "ఏమైందిరా?" అన్నాను.

దులుపుకుంటూ చెప్పాడు: "ఎడమ కాలు మావయ్యా. రాసుకో."